తుపాను సహాయానికి మీ చేతిపనిని నిధిగా మార్చడం ఎలా

2024 సెప్టెంబరు 26 రాత్రి ఫ్లోరిడా తీరాన్ని దాటిన హెలీన్ హరికేన్, మరునాటి ఉదయానికల్లా సముద్రానికి వందల మైళ్ళ దూరాన, రెండు వేల అడుగులకు పైగా ఎత్తులో ఉన్న యాష్‌విల్ పట్టణాన్ని ముంచెత్తింది. ఫ్రెంచ్ బ్రాడ్ నది 1916 నాటి వరద మట్టాన్ని సైతం దాటి ప్రవహించింది. ఆ నది ఒడ్డున, పాత మిల్లుల్లోనూ గిడ్డంగుల్లోనూ కుమ్మరులు, నేతగాళ్ళు, గాజు పనివారు, చిత్రకారులు ఏళ్ళ తరబడి పెంచుకున్న రివర్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో చాలా భాగం బురదలో కూరుకుపోయింది. నార్త్ కరొలైనాలోని ఈ కొండ ప్రాంతం అమెరికా చేతిపనులకు పుట్టిల్లు వంటిది. పెన్‌లాండ్ చేతిపనుల పాఠశాల 1929లో, సదరన్ హైలాండ్ క్రాఫ్ట్ గిల్డ్ అనే చేతిపనివారి సంఘం 1930లో ఇక్కడే మొదలయ్యాయి. అందుకే ఆ వార్త వినగానే సూది, దారం, ఊలు, మట్టి పట్టుకునే ప్రతి బృందంలోనూ ఏదో ఒకటి చేయాలన్న తపన పుట్టింది. నేను అదే రాష్ట్రంలో, ఆ కొండలకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉంటాను. వారానికోసారి కలిసి బొంతలు కుట్టుకునే మా చిన్న బృందం అప్పుడు నేర్చుకున్న పద్ధతిని, మేము చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండేందుకు, ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి పని: పెట్టెలు సర్దకండి

చేతిపని తెలిసినవారి మనసుకు ముందుగా తోచేది బొంత కుట్టి పంపడం, టోపీలు అల్లి పంపడం, ఇంట్లో మిగిలిన బట్టలన్నీ మూటకట్టి పంపడం. ఆ ఆలోచన వెనుక ఉన్న ప్రేమ నిజమైనదే అయినా, తుపాను వచ్చిన మొదటి వారాల్లో అది సాయం కాకపోగా బరువవుతుంది. 1998లో మిచ్ తుపాను హోండురస్‌ను అతలాకుతలం చేసినప్పుడు, దాతలు పంపిన బట్టల పెట్టెలు రన్‌వే మీద పేరుకుపోయి, అత్యవసర సామగ్రి తెచ్చిన విమానం దిగలేకపోయింది. యాష్‌విల్ విషయానికి వస్తే, టెనెసీ వైపు వెళ్ళే ఇంటర్‌స్టేట్ 40 రహదారి నదీ లోయలో కోసుకుపోయి, 2025 మార్చి 1 వరకు తెరుచుకోలేదు. పట్టణంలో కుళాయి నీళ్ళు మరిగించకుండా తాగవచ్చని అధికారులు చెప్పింది నవంబరు 18న, అంటే తుపాను వచ్చిన యాభై మూడు రోజులకు. తాగడానికి నీళ్ళు లేనిచోట ఉతికి ఆరేయాల్సిన ఊలు దుప్పటి ఎవరికి ఉపయోగం? అక్కడ పెట్టెలు విప్పి, వేరుచేసి, భద్రపరచడానికి కూడా మనుషులు కావాలి. వారిలో చాలామంది తమ ఇల్లు కూడా పోగొట్టుకున్నవారే.

కాబట్టి ఆ సమయంలో పంపవలసింది డబ్బు. మీ చేతిపనిని మీ ఊళ్ళోనే అమ్మి డబ్బుగా మార్చండి. కుట్టిన బొంతకూ సమయం వస్తుంది; దాని గురించి చివర్లో చెబుతాను.

రెండవ పని: డబ్బు ఎవరికి వెళ్ళాలో ముందే తేల్చుకోండి

ఇది అమ్మకం మొదలుపెట్టక ముందే జరగాలి. "తుపాను బాధితులకు" అని మాత్రమే రాస్తే కొనేవారికి నమ్మకం కుదరదు, తరువాత మీలో మీకే అభిప్రాయభేదాలు వస్తాయి. ఒకటి లేదా రెండు సంస్థలను ఎంచుకోండి. రెండు దాటితే లెక్కలు చూడటం కష్టం. అమెరికాలో ఒక సంస్థ 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా, నమోదైనదో కాదో తెలుసుకోవడానికి ఆదాయపు పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్ తన వెబ్‌సైటులో వెతికే వసతి ఇచ్చింది. సంస్థ పేరు ఒక్క అక్షరం తేడాతో అచ్చం అలాగే ఉండే మోసపు ఖాతాలు ప్రతి తుపాను తరువాత పుట్టుకొస్తాయి, కనుక ఆ ఐదు నిమిషాల పనిని ఎవరి మాటనో నమ్మి వదిలేయకండి.

తిండి, నీళ్ళు, తలదాచుకునే చోటు చూసే పెద్ద సంస్థలకు ఇవ్వడం మంచిదే. అయితే చేతిపనివారిగా మీరు ఇంకొక దిక్కు కూడా చూడాలని నా గట్టి అభిప్రాయం. ఇల్లు పోయినవారి కష్టం అందరికీ అర్థమవుతుంది. మగ్గం పోయిన నేతగాడి కష్టం, కుండలు కాల్చే బట్టీ పోయిన కుమ్మరి కష్టం ఆ పని చేసినవారికి అర్థమైనంతగా ఇతరులకు అర్థం కాదు. ఇంట్లోనే పనిచేసే చేతిపనివారిలో చాలామంది పనిముట్లకు సాధారణ ఇంటి బీమా పూర్తిగా వర్తించదు, వరదకైతే విడిగా బీమా ఉంటే తప్ప అసలే వర్తించదు. ఇటువంటివారి కోసమే సెర్ఫ్ ప్లస్ అనే సంస్థ 1985 నుంచి పనిచేస్తోంది. చేతిపనుల సంతల్లో ఆపదలో పడిన తోటివారి కోసం చందాలు పోగుచేసుకునే అలవాటులోంచి పుట్టిన సంస్థ అది. ప్రమాదాలు, విపత్తులు ఎదుర్కొన్న చేతిపనివారికి అత్యవసర గ్రాంటులు ఇస్తుంది. యాష్‌విల్‌లో స్థానిక కళాసంస్థ ఆర్ట్స్ ఏవీఎల్ కూడా హెలీన్ తరువాత కళాకారులకు సహాయ నిధి నడిపింది. మీరు సగం సాధారణ సహాయానికి, సగం ఇటువంటి నిధికి అని ముందే ప్రకటిస్తే, కొనేవారు ఇష్టంగా కొంటారు; మా అనుభవంలో అలాగే జరిగింది.

మూడవ పని: డబ్బు దారి

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. వస్తువులు అమ్మితే వచ్చిన డబ్బు ఒక సభ్యురాలి సొంత ఖాతాలో పడి, తరువాత సంస్థకు వెళ్ళే పద్ధతి తేలికగా కనిపిస్తుంది కానీ, ఆమె ఎంత నిజాయితీపరురాలైనా అనుమానానికి తావిస్తుంది, పన్ను లెక్కల్లో ఆ మొత్తం ఆమె ఆదాయంలా కనిపించే చిక్కు కూడా ఉంది. దీనికంటే మేలైన పద్ధతి ఒకటి చేతిపనివారిలో చాలాకాలంగా ఉంది: వేలంలో వస్తువును గెలుచుకున్నవారు డబ్బును నేరుగా సంస్థకే పంపి, రసీదును మీకు చూపిస్తారు, రసీదు అందిన తరువాత మీరు వస్తువును పంపుతారు. మీ చేతుల మీదుగా ఒక్క డాలరు కూడా వెళ్ళదు. రసీదులో పేరు, తేదీ, మొత్తం కనిపిస్తే చాలు, కార్డు వివరాలు కనిపించకుండా దాచమని కొనేవారికి ముందే చెప్పండి.

చేతిపనులు అమ్మే ఆన్‌లైన్ సంత అయిన ఎట్సీ వంటి చోట దుకాణం తెరిచి అమ్మాలనుకుంటే, రుసుములు ఎంత తింటాయో లెక్కవేసుకుని దిగండి. అమెరికాలో అమ్మేవారికి వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అమ్మకంపై 6.5 శాతం, చెల్లింపు స్వీకరించినందుకు 3 శాతంతోపాటు మరో 25 సెంట్లు అవుతాయి. అంటే 100 డాలర్లకు అమ్మిన శాలువా మీద 9 డాలర్ల 95 సెంట్లు పోతాయి. పంపే ఖర్చును విడిగా వసూలు చేస్తే దాని మీద కూడా ఆ శాతాలు పడతాయి. కొత్తవారి చూపు పడుతుంది కనుక కొందరికి అది లాభమే కావచ్చు. అయితే "వచ్చిన సొమ్మంతా సహాయానికే" అని రాసి, రుసుములు పోగా మిగిలినది పంపడం మాత్రం తగదు. ఏది పోతుందో, ఏది వెళ్తుందో ఉన్నదున్నట్టు రాయండి.

లక్కీ డ్రా టికెట్లు అమ్మాలన్న ఆలోచన ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరికి వస్తుంది. ఒక్క బొంత మీద వందల టికెట్లు అమ్ముడవుతాయి కాబట్టి ఆశ సహజమే. కానీ అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం దాన్ని జూదంగానే చూస్తుంది. నార్త్ కరొలైనాతో సహా అనేక చోట్ల లాభాపేక్ష లేని సంస్థలకే, అదీ షరతులతో, అనుమతి ఉంది. మీ బృందం అలా నమోదు కానిదైతే ఆ ఆలోచన మానుకుని వేలం పెట్టండి.

పన్ను గురించి మూడు మాటలు. తాను తయారుచేసిన వస్తువును నమోదైన సంస్థకు దానంగా ఇచ్చినవారు అమెరికా చట్టం ప్రకారం సామగ్రికి అయిన ఖర్చునే మినహాయింపుగా చూపగలరు, అమ్మకపు ధరను కాదు, కుట్టిన గంటలను అసలే కాదు. వేలంలో కొన్నవారు వస్తువు మార్కెట్ విలువకు మించి ఇచ్చిన భాగాన్నే దానంగా చూపగలరు. లక్కీ డ్రా టికెట్టుకు మినహాయింపే లేదు.

నాలుగవ పని: వస్తువుల సేకరణ

ఇక్కడ మా పొరపాటు చెబుతాను. "ఎవరు ఏది ఇచ్చినా తీసుకుంటాము" అని మేము ప్రకటించాము. పది రోజుల్లో ఒక గది నిండింది. అందులో సగభాగం, సగం కుట్టి వదిలేసిన ముక్కలు, పాత వాసన పట్టిన ఊలు ఉండలు, ఎవరూ కొనని బొమ్మలు. ఇచ్చినవారి మనసు నొప్పించకుండా వాటిని తిరిగి ఇవ్వడానికి, అమ్మకానికి పట్టినంత సమయమే పట్టింది. అందువల్ల మీరు మొదటే నియమాలు పెట్టండి: పూర్తయిన వస్తువే, కొత్తదే, ఒక్కొక్కరి నుంచి రెండుకు మించకుండా, ఫలానా తేదీలోగా. ముప్పై మంచి వస్తువులు ఉంటే చాలు, నూట యాభై అవసరం లేదు.

వస్తువు ఇచ్చే ప్రతివారి నుంచి ఐదు సంగతులు రాయించుకోండి: కొలతలు, బరువు, ఏ నూలు లేదా ఊలు వాడారు, ఎలా ఉతకాలి, ఇంట్లో పెంపుడు జంతువులు లేదా పొగతాగేవారు ఉన్నారా. చివరిది అడగడానికి మొహమాటంగా ఉంటుంది, కానీ ఉబ్బసం ఉన్న కొనుగోలుదారుకు అది పెద్ద విషయం. నమూనా, అంటే ఆ వస్తువును ఎలా కుట్టాలో, అల్లాలో చెప్పే సూచనల పత్రం, ఎవరిదో కూడా అడగండి. ఇతరులు రూపొందించిన నమూనాతో చేసిన వస్తువును అమ్మడానికి ఆ నమూనా షరతులు ఒప్పుకోకపోవచ్చు. సహాయం కోసమని చెప్పి ఒక చిన్న సందేశం పంపితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, కొందరు తమ నమూనా అమ్మకాలను కూడా కొన్ని రోజులపాటు నిధికి ఇస్తారు. నమూనాల అమ్మకంలో తపాలా ఖర్చు లేదు, కాబట్టి మీ బృందంలో సొంత నమూనాలు రాసేవారు ఉంటే వారిని తప్పక అడగండి.

ఫోటోలు కిటికీ పక్కన, పగటి వెలుతురులో తీయండి. బొంతకైతే మొత్తం కనిపించేలా ఒకటి, కుట్టు దగ్గరగా కనిపించేలా ఒకటి, వెనుక వైపు ఒకటి, అంచు మూల మడత ఒకటి. ఆ మూల మడతను చూసే కుట్టుపని తెలిసినవారు నాణ్యత అంచనా వేస్తారు.

ఐదవ పని: వేలం

వేలం ఐదు రోజులు చాలు. అంతకు మించితే ఉత్సాహం చప్పబడుతుంది. ఆదివారం సాయంత్రం ముగిసేలా చూసుకోండి, ముగిసే సమయాన్ని ఏ కాలమండలం ప్రకారమో స్పష్టంగా రాయండి. మొదటి ధర సామగ్రి ఖర్చుకు తగ్గకూడదు; వంద గంటలు కుట్టిన బొంత పది డాలర్ల దగ్గర ఆగిపోతే కుట్టినవారి మనసు విరిగిపోతుంది, ఆమె మళ్ళీ ఇవ్వదు. పాట ఎంతెంత చొప్పున పెరగాలో, అంటే ఐదు డాలర్లా పదా, అది కూడా ముందే చెప్పండి.

గెలిచినవారు 48 గంటల్లో రసీదు పంపకపోతే రెండవ పాటదారుకు వెళ్తుందని నియమం పెట్టండి. ఈ నియమం లేక మా దగ్గర అందరికంటే ఎక్కువ పాట పలికిన వస్తువు మూడు వారాలు పెట్టెలోనే ఉండిపోయింది. పంపే ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చండి. ఇద్దరు పడుకునే మంచానికి సరిపడే బొంత నాలుగైదు పౌండ్ల బరువుండి పెద్ద పెట్టె ఆక్రమిస్తుంది, తపాలా ఖర్చు మనం అనుకున్నదానికి రెట్టింపు అవుతుంది. పెట్టెలో పెట్టే ముందు బొంతను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, లోపల చిరునామా రాసిన కాగితం ఒకటి ఉంచండి, పైన అంటించిన కాగితం ఊడిపోయినా పెట్టె చేరుతుంది.

లెక్క చూసేందుకు ఇద్దరు ఉండాలి: ఒకరు రాసేవారు, ఒకరు సరిచూసేవారు. వస్తువు, ఇచ్చినవారు, పలికిన ధర, రసీదు అందిన తేదీ, పంపిన తేదీ, ఈ ఐదు గడుల పట్టిక చాలు. వేలం ముగిసిన వారంలోగా మొత్తాన్ని అందరికీ ప్రకటించండి, వస్తువు ఇచ్చిన ప్రతివారికి అది ఎంత పలికిందో విడిగా తెలియజేయండి. ధన్యవాదాల చీటీ కంటే ఆ అంకె వారికి ఎక్కువ ఆనందం ఇస్తుంది.

ఆరవ పని: తడిసిన వాటిని కాపాడటంలో మీ తెలివి

డబ్బు కాక మీరు వెంటనే ఇవ్వగలిగినది మరొకటి ఉంది, అది మీ చేతులకు తెలిసిన విద్య. వరద ఇంట్లోంచి అమ్మమ్మ కుట్టిన బొంతను బయటికి తీసినప్పుడు దాన్ని పారేయాలా, కాపాడవచ్చా అన్నది ఆ కుటుంబానికి తెలియదు. ఒక పేజీలో ఈ సంగతులు రాసి సహాయ కేంద్రాలకు పంపండి.

తడిసిన బొంతను ఒక అంచు పట్టుకుని ఎత్తకూడదు. నీళ్ళ బరువుకు పాత కుట్లు తెగి, బట్ట చిరుగుతుంది. కింద ఒక దుప్పటి జరిపి, ఇద్దరు ముగ్గురు నాలుగు కొసలు పట్టుకుని, ఊయలలా మోయాలి. వరద బురదలో మురుగు, నూనె, రసాయనాలు కలిసి ఉంటాయి, కనుక రబ్బరు చేతితొడుగులు, ముక్కుకు ఎన్95 మాస్కు తప్పనిసరి. బురదను శుభ్రమైన చల్లటి నీళ్ళతో, రుద్దకుండా, పారేలా కడగాలి. వేడినీళ్ళు వాడితే మరక బట్టలో ఇంకిపోతుంది. పిండకూడదు; తువ్వాళ్ళ మధ్య పరిచి అద్దాలి. ఎర్రరంగు పక్క ముక్కలకు పాకుతున్నట్టు కనిపిస్తే మడత మీద మడత పడకుండా తెల్లబట్ట మధ్యలో పెట్టాలి. 48 గంటల్లో ఆరబెట్టలేకపోతే బూజు పడుతుంది, కాబట్టి అంతలోపు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో ఉంచితే, నీళ్ళు, కరెంటు వచ్చేదాకా ఆగవచ్చు. కొండ ఊళ్ళలో కరెంటు కూడా లేని రోజుల్లో ఈ సలహా ఎవరికి పనికొస్తుందని మాకు అనుమానం వచ్చింది. తడిసిన బట్టల సంచులను పక్క జిల్లాలోని బంధువుల ఇళ్ళకు చేర్చి, వారి ఫ్రీజర్లలో పెట్టించవచ్చని ఒక సభ్యురాలు సూచించినప్పుడు ఆ అనుమానం తీరింది.

నీట మునిగిన విద్యుత్ కుట్టుమిషనును ఆరినట్టు కనిపించినా ప్లగ్గు పెట్టకూడదు. మెకానిక్ విప్పి చూడాలి. పాత ఇనుప తొక్కుడు మిషనుకు మాత్రం ప్రాణం గట్టిది, తుప్పు తీసి నూనె పోస్తే చాలాసార్లు మళ్ళీ నడుస్తుంది. చెక్క మగ్గాన్ని ఎండలో పెట్టకూడదు, చీలిపోతుంది, వంకర తిరుగుతుంది. నీడలో, గాలి ఆడేచోట, నెమ్మదిగా ఆరాలి. కొయ్య బాగుపడినా మామూలు ఉక్కు పన్నె (పడుగు దారాలను విడదీసి పట్టే, దువ్వెన లాంటి భాగం) తుప్పు పట్టి ఆ దారాలను కోస్తుంది, దాన్ని మార్చవలసిందే. కుమ్మరుల విద్యుత్ బట్టీ ఇటుకలు నీటిని స్పంజిలా పీల్చుకుంటాయి, పూర్తిగా ఆరకుండా, తీగలు మార్చకుండా వెలిగించడం ప్రమాదం.

ఏడవ పని: పనిముట్లు

తుపాను వచ్చిన నెల రెండు నెలల తరువాత, చేతిపనివారు తమ పని మళ్ళీ మొదలుపెట్టే ప్రయత్నం చేస్తారు. అప్పుడు మీ ఇంట్లో వాడకుండా ఉన్న రాట్నం, మిషను, కత్తెరల సెట్టు విలువైన దానమవుతుంది. కానీ అడగకుండా పంపకండి. స్థానిక గిల్డు ద్వారా ఎవరికి ఏది కావాలో జాబితా తెప్పించుకుని, ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క మనిషిని జతచేయండి. "నేత పనిముట్లు" అని కాకుండా "అంగుళానికి పన్నెండు పళ్ళ పన్నె, ముప్పై ఆరు అంగుళాల వెడల్పు" అన్నంత వివరంగా అడగండి. కొలత తప్పిన పన్నె ఆ మగ్గానికి ఎక్కదు. ఇచ్చే మిషనును ముందు మీరే తుడిచి, నూనె వేసి, ఒక గుడ్డముక్క మీద కుట్టి చూసి, ఆ కుట్టిన ముక్కను మిషను పాదం కిందే వదిలి పంపండి. అందుకున్నవారు మూత తీయగానే అది పనిచేస్తుందని వారికి కనిపిస్తుంది.

ఎనిమిదవ పని: ఇప్పుడు బొంత

తుపాను వచ్చిన ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా, అమెరికాలో దీర్ఘకాల పునరుద్ధరణ బృందాలు అనే స్థానిక సంఘాలు ఇళ్ళు బాగుచేయించి, కొత్తవి కట్టించి కుటుంబాలను తిరిగి చేరుస్తాయి. అప్పటికి వార్తలు ఆగిపోతాయి, దానాలు తగ్గిపోతాయి. మీ బొంతకు అసలైన సమయం అదే. ఆ బృందానికి ఫోను చేసి, ఎన్ని ఇళ్ళు, ఎన్ని మంచాలు, ఏ కొలతలు, ఎప్పటికి కావాలి అని అడిగి రాసుకోండి. ఒక్కరు పడుకునే మంచానికి సుమారు 68 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు సరిపోతుంది. నూలు బట్టే వాడండి, మిషనులో ఉతికి ఆరబెట్టినా తట్టుకోవాలి. చేత్తో ఉతకవలసిన ఊలు, రంగు వదిలే బట్ట వద్దు. కుట్టే ముందు బట్టను, కుట్టిన తరువాత బొంతను ఒకసారి ఉతకండి.

వెనుక మూలన ఒక గుడ్డ చీటీ కుట్టండి. దాని మీద ఎవరు కుట్టారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎలా ఉతకాలి అన్నవి చెరగని సిరాతో రాయండి. "వరద బాధితులకు" అన్న మాట మాత్రం రాయకండి. ఆ బొంత రాబోయే ఇరవై ఏళ్ళు వారి పడకగదిలో ఉంటుంది, ప్రతి రాత్రీ దాన్ని చదువుకోవలసిన అవసరం వారికి లేదు.